ఫార్చ్యూనర్‌కి ట్రైలర్ తగిలిస్తే మైలేజీ బస్సు లెవెల్‌కి ఎందుకు పడిపోయింది?

ఈ వీడియో రెండు వారాలు లేట్ అయింది. సారీ. ఒక ఎక్సెల్ షీట్ పట్టుకుని కూర్చున్నా, అది తేలేదాకా కెమెరా ముందుకు రాకూడదనుకున్నా.

ముందు స్క్రీన్ మీద ఈ ఫొటో చూడండి. మా ఫార్చ్యూనర్ డ్యాష్‌బోర్డ్. 100 కిలోమీటర్లకి 20.5 లీటర్లు అని చూపిస్తోంది. మన లెక్కలో చెప్పాలంటే లీటర్‌కి 4.9 కిలోమీటర్లు. ఇది చూసి పక్క సీట్లో ఉన్న మా నాన్న అన్న మాట నాకు ఇంకా చెవిలో మోగుతూనే ఉంది: "ఒరేయ్, మా బస్సు ఐదు ఇచ్చేది రా. యాభై మందిని ఎక్కించుకుని."

నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆర్టీసీలో డ్రైవర్‌కి జాతకం లాంటిది ఒకటి ఉంటుంది, దాని పేరు కెఎంపిఎల్. లీటర్ డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు తీశావు అని. ఎవరు ఎంత తీశారో డిపోలో అందరికీ తెలిసేది, తక్కువ తీసిన రోజు ఇంటికొచ్చి కూడా మాట్లాడేవారు కాదు. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నేను 4.9 తీశాను. అది కూడా ఆస్ట్రేలియా మధ్యలో, ముందు 130 కిలోమీటర్ల దాకా బంక్ లేని చోట, ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ లేకుండా.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను బీటెక్ మెకానికల్. కానీ ఉద్యోగం జావా. మన బ్యాచ్‌లో సగం మంది కథ ఇదే కదా! మెల్‌బోర్న్ వచ్చి మాస్టర్స్ చేసి, నాలుగేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు ఫుల్‌టైమ్ ఈ వీడియోలు చేస్తున్నా. అమ్మానాన్న ఆరు నెలల విజిట్‌కి వచ్చారు. అక్టోబర్ చివర్లో వాళ్లకి ఉలురు చూపిద్దామని బయల్దేరాం. నేను, నా భార్య, అమ్మ, నాన్న. వెనకాల క్యాంపర్ ట్రైలర్.

క్యాంపర్ ట్రైలర్ అంటే మన ఊళ్లో ట్రాక్టర్ ట్రక్కు తొట్టి లాంటిదే అనుకోండి, కాకపోతే దాని మూత తెరిస్తే టెంట్ లేస్తుంది, లోపల మంచం ఉంటుంది, పక్కకి లాగితే గ్యాస్ స్టవ్ వస్తుంది. మడిచి పెడితే కారు కంటే ఎత్తు తక్కువ. ఇక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ప్రతి మూడో ఇంటి ముందూ ఇలాంటిదో, కారవానో ఉన్నట్టే అనిపిస్తుంది నాకు. మాది సామాన్లు, నీళ్లు అన్నీ కలిపి 1,400 కిలోలు. ముందున్న బండి, నలుగురు మనుషులు, లగేజీ కలిపి ఇంకో 2,600. మొత్తం నాలుగు టన్నులు.

అసలు కథలోకి వెళ్లే ముందు యూనిట్ల గొడవ ఒకటి తేల్చేద్దాం, ఎందుకంటే నేను చేసిన తప్పులో సగం అక్కడే ఉంది. మనం మైలేజీ అంటాం, లీటర్‌కి ఎన్ని కిలోమీటర్లు. ఇక్కడ 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అంటారు. ఉత్త తిరగేసిన లెక్కే కదా అనిపిస్తుంది. చూడండి. ట్రైలర్ లేకుండా హైవే మీద నా బండి 100 కిలోమీటర్లకి 9 లీటర్లు, అంటే 11 మైలేజీ. ట్రైలర్‌తో 14 లీటర్లు, అంటే 7 మైలేజీ. ఆ రోజు ఎదురుగాలిలో 20.5 లీటర్లు, అంటే 4.9. మైలేజీలో చూస్తే 11 నుంచి 7 పడటం పెద్ద దెబ్బలాగా, 7 నుంచి 5 పడటం చిన్న దెబ్బలాగా కనపడుతుంది. లీటర్లలో చూస్తే మొదటిది 5 లీటర్లు ఎక్కువ, రెండోది ఆరున్నర లీటర్లు ఎక్కువ. ట్యాంక్ ఖాళీ అయ్యేది లీటర్లలో. కిందకి పోయేకొద్దీ మైలేజీ అంకె మనల్ని మభ్యపెడుతుంది. ఇది నాన్నకి చెప్తే ఒప్పుకోలేదు, అది వేరే విషయం.

సరే, రోడ్డు మీదకి వద్దాం. అడిలైడ్ దాటి పైకి వెళ్తే పోర్ట్ అగస్టా అని ఊరొస్తుంది. అక్కడి నుంచి స్టువర్ట్ హైవే మొదలు, ఉత్తరాన డార్విన్ దాకా పోతుంది. పోర్ట్ అగస్టా తర్వాత 173 కిలోమీటర్లకి పింబా, ఇంకో 113కి గ్లెండాంబో, అక్కడి నుంచి దాదాపు 250 కిలోమీటర్లకి కూబర్ పీడీ. ఈ చివరి 250 ఉంది చూశారూ, మధ్యలో ఊరు లేదు, బంక్ లేదు, టీ కొట్టు లేదు. ఎర్రమట్టి, ఉప్పు సరస్సులు, పొదలు. మన విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా దాదాపు అంతే దూరం. ఆ దారంతా ఒక్క చౌటుప్పల్, ఒక్క సూర్యాపేట కూడా లేకుండా ఊహించుకోండి.

పోర్ట్ అగస్టాలో ట్యాంక్ ఫుల్ చేయించా, 80 లీటర్లు. ట్రైలర్ ముందు భాగంలో 20 లీటర్ల డీజిల్ క్యాన్ ఒకటి కట్టి ఉంది, ఫ్రెండ్ దగ్గర తీసుకున్నది. "ఫుల్‌గానే ఉంది బ్రో" అన్నాడు. నేను ఎత్తి చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

పింబా దాకా గాలి లేదు, 24 లీటర్లు కాలింది, లెక్క ప్రకారమే. పింబా దాటాక ఎదురుగాలి మొదలైంది. నాన్న అద్దం రెండు అంగుళాలు దించి చెయ్యి బయటపెట్టి చూసి, "గాలి ఎదురొస్తోంది రా" అన్నారు. నేను సరే అన్నా. గ్లెండాంబో చేరేసరికి ఇంకో 19 పోయింది. ట్యాంక్‌లో 37. కంప్యూటర్ ఇంకా 245 కిలోమీటర్లు పోతుందంటోంది. ముందున్నది 250. ప్లస్ క్యాన్‌లో 20 లీటర్లు. సగటు 15 లీటర్లు పడుతోంది కాబట్టి 250కి 38 చాలు, మన దగ్గర 57 ఉంది, 19 లీటర్లు మిగులు. క్లియర్ కదా?

రోడ్‌హౌస్‌లో డీజిల్ రేటు చూశా. రోడ్‌హౌస్ అంటే బంక్, హోటల్, బాత్‌రూమ్ అన్నీ ఒకే చోట ఉండే ధాబా. పోర్ట్ అగస్టా కంటే లీటర్‌కి 45 సెంట్లు ఎక్కువ. అంత దూరం ట్యాంకర్ మోసుకురావాలి, రేటు ఎక్కువే ఉంటుంది, అందులో వాళ్ల తప్పేం లేదు. 40 లీటర్లు కొట్టిస్తే 18 డాలర్లు ఎక్స్‌ట్రా. "కూబర్ పీడీలో కొట్టిద్దాంలే" అనేసి అమ్మకి బాత్‌రూమ్ చూపించి బయల్దేరదీశా. 18 డాలర్లు ఫ్రెండ్స్. మెల్‌బోర్న్‌లో ఒక బిర్యానీ.

ఇప్పుడు వీడియో ఒక్క నిమిషం ఆపి ఫిజిక్స్ చూద్దాం, ఎందుకంటే తర్వాత జరిగింది మొత్తం ఇందులోనే ఉంది. భయపడకండి, ఇంటర్ లెక్కలే.

బండి చదునైన రోడ్డు మీద ఒకే స్పీడులో పోతున్నప్పుడు ఇంజిన్ రెండింటితో కొట్లాడుతుంది. ఒకటి టైర్లు రోడ్డు మీద దొర్లడానికి అయ్యే నిరోధం. ఇది బరువుని బట్టి ఉంటుంది, స్పీడుతో పెద్దగా మారదు. నాలుగు టన్నులకి నేను వేసుకున్న లెక్క 470 న్యూటన్లు. రెండోది గాలి. ఇది బండి ఎదుటి వైశాల్యం, దాని ఆకారం, ఇంకా స్పీడు స్క్వేర్ మీద ఆధారపడుతుంది. స్క్వేర్ అన్న మాట దగ్గర ఆగండి. స్పీడు రెట్టింపైతే గాలి దెబ్బ నాలుగు రెట్లు. 100 నుంచి 90కి తగ్గిస్తే స్పీడు పది శాతమే తగ్గింది, గాలి నిరోధం మాత్రం 19 శాతం తగ్గుతుంది.

ఇక్కడ స్పీడు అంటే ఏ స్పీడు? స్పీడోమీటర్‌లో కనపడేది కాదు. గాలితో పోలిస్తే బండి ఎంత స్పీడుగా పోతోందో అది. బండి 105లో పోతూ ఎదురుగాలి 30 ఉంటే, గాలి దృష్టిలో మీరు 135లో పోతున్నారు. నేను ఎప్పుడూ ఇండియాలో కూడా 135లో కారు నడపలేదు. ఆ రోజు నాకు తెలియకుండానే ట్రైలర్ లాక్కుంటూ నడిపేశాను.

అంకెల్లో చూద్దాం. నా బండి, ట్రైలర్, పైన పెట్టిన రూఫ్ బాక్స్ అన్నీ కలిపి గాలి లేనప్పుడు 105లో దాదాపు 920 న్యూటన్లు గాలి నిరోధం వస్తుంది. ఎదురుగాలి 30 ఉంటే అదే 1,520 అవుతుంది. టైర్ల 470 కలిపితే మొదటిది 1,390, రెండోది 1,990. లీటర్ డీజిల్‌లో దాదాపు 36 మెగాజౌల్స్ శక్తి ఉంటుంది. ఇంజిన్ వేడిలో, సైలెన్సర్‌లో, గేర్‌బాక్స్‌లో పోగా చక్రాల దగ్గరికి చేరేది నా లెక్కలో 10 మెగాజౌల్స్ అనుకున్నా. రౌండ్ ఫిగర్, లెక్క తేలిక. 1,390 న్యూటన్లతో 100 కిలోమీటర్లు తోయాలంటే 139 మెగాజౌల్స్. అంటే 14 లీటర్లు. 1,990 అయితే 20 లీటర్లు. ఏసీకి ఇంకో అరలీటరు, ముప్పావు లీటరు వేసుకోండి. డ్యాష్‌బోర్డ్‌లో 20.5 ఎందుకొచ్చిందో అర్థమైందా?

నేను అప్పటిదాకా ఏమనుకున్నానంటే, ట్రైలర్ బరువు వల్ల డీజిల్ ఎక్కువ తాగుతుందని. అందరం అదే అనుకుంటాం. "లోడు ఎక్కువైంది, అందుకే పడిపోయింది" అని. చదును రోడ్డు మీద హైవే స్పీడులో పెద్ద దొంగ బరువు కాదు, గాలి. నా లెక్కలో 100 కిలోల బరువు ఎక్కిస్తే 100 కిలోమీటర్లకి పెరిగేది 0.1 లీటర్ మాత్రమే. ఉలురు వెళ్లేటప్పుడు డీజిల్ ఆదా అని నేను నీళ్ల ట్యాంక్ సగమే నింపా. ఎడారిలో! 50 లీటర్ల నీళ్లు వదిలేసి, 100 కిలోమీటర్లకి ఒక టీ కప్పు డీజిల్ మిగిల్చా. ఇంజినీర్‌ని నేను.

సరే, మళ్లీ రోడ్డు మీదకి.

గ్లెండాంబో దాటాక గాలి ఇంకా పెరిగింది. అక్కడ వేసవి దగ్గరపడుతుంటే ఎడారి వైపు నుంచి వేడి ఉత్తరగాలి వీస్తుంది, మేం పోయేది వాయవ్యానికి. అంటే దాదాపు ముఖానికే. బయట 37 డిగ్రీలు. నేను క్రూజ్ కంట్రోల్ 105లో పెట్టి పాటలు వింటున్నా. క్రూజ్ కంట్రోల్‌తో ఇదే ప్రమాదం, గాలి ఎంత ఆపుతున్నా అది నోరెత్తకుండా డీజిల్ పోసుకుంటూ పోతుంది. కాలితో నడిపితే కనీసం పాదానికి తెలుస్తుంది.

120 కిలోమీటర్లు పోయాక పసుపు లైటు వెలిగింది.

ఫస్ట్ నేను నమ్మలేదు. గంట క్రితం 245 వస్తుందన్న కంప్యూటర్ ఇప్పుడు 60 అంటోంది. దీని గురించి సాఫ్ట్‌వేర్ వాడిగా ఒక మాట చెప్పాలి. ఆ రేంజ్ అంకె భవిష్యత్తు చెప్పదు. ఇప్పటిదాకా ఎంత తాగిందో సగటు తీసి, మిగిలిన డీజిల్‌ని దాంతో భాగిస్తుంది, అంతే. దానికి ముందున్న గాలి తెలీదు, ఎక్కబోయే ఎత్తు తెలీదు. పోయిన స్ప్రింట్‌లో ఇన్ని పాయింట్లు చేశారు కాబట్టి వచ్చే స్ప్రింట్‌లో కూడా చేస్తారని చెప్పే మేనేజర్ లాంటిది. కండిషన్ మారిన రోజే అది అవసరం, ఆ రోజే అది తప్పు చెప్తుంది.

పక్కకి ఆపా. ట్యాంక్‌లో 12 లీటర్లు ఉండొచ్చు. పర్లేదు, క్యాన్ ఉంది. వెళ్లి క్యాన్ ఎత్తా. ఎత్తగానే గుండె జారింది. 20 లీటర్ల డీజిల్ అంటే దాదాపు 17 కిలోలు ఉండాలి, ఆ పైన క్యాన్ బరువు. అది చేతిలో ఊగుతోంది. లోపల సగం కంటే కాస్త ఎక్కువ, 12 లీటర్లు. ఫ్రెండ్‌ని తిట్టుకున్నా. కానీ పోర్ట్ అగస్టాలో ఎత్తి చూడనిది నేను.

12, 12 కలిపి 24. ముందు 130 కిలోమీటర్లు. 20.5 చొప్పున కావాల్సింది 27. మూడు లీటర్లు తక్కువ. అంటే కూబర్ పీడీకి పది, పదిహేను కిలోమీటర్ల ముందు ఆగిపోతాం. కారులో అమ్మ ఉంది, బీపీ ఉంది, బయట 37 డిగ్రీలు. నీళ్లు సగం ట్యాంకే అని ఇందాకే చెప్పా. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నా భార్య ఒక్క మాట కూడా అనలేదు, మ్యాప్ చూస్తూ కూర్చుంది. అనకపోవడమే నాకు భయమేసింది.

నాన్న దిగి వచ్చారు. క్యాన్‌లోది ట్యాంక్‌లో పోస్తుంటే గరాటు పట్టుకున్నారు. ఎంతుంది, ఎంత దూరం అని రెండే అడిగారు. తర్వాత, "ఎంతలో నడుపుతున్నావు?" అన్నారు. 105 అన్నా. "80. ఒక్క పాయింట్ కూడా పైకి పోకూడదు. ఆ పాటలు ఆపు."

"ఏసీ కూడా ఆపేద్దామా నాన్నా?" అన్నా. "మీ అమ్మ ఉంది, ఏసీ ఉండనీ. స్పీడు తగ్గించు చాలు" అన్నారు.

అప్పుడు నేను లెక్క వెయ్యలేదు, ఇంటికొచ్చి వేశా. 80లో ఎదురుగాలి 30 అంటే గాలికి 110. గాలి నిరోధం 1,520 నుంచి 1,010కి పడుతుంది. టైర్లు, ఏసీ అన్నీ కలిపితే 100 కిలోమీటర్లకి 15.5 లీటర్లు. 130 కిలోమీటర్లకి 20. మన దగ్గర 24. ఏసీ ఆపితే మిగిలేది అటూ ఇటూగా ఒక లీటరు. స్పీడు తగ్గిస్తే మిగిలేది ఏడు. నాన్నకి ఏరోడైనమిక్స్ తెలీదు, సమీకరణాలు అసలే తెలీదు. 28 ఏళ్లు బస్సు ముందు అద్దంతో గాలిని తోసిన మనిషి, దేనికి ఎంత పోతుందో కాలితో తెలుసు.

80లో నడపడం ఎంత కష్టమో మీకు చెప్పలేను. లిమిట్ 110 ఉన్న రోడ్డు. వెనక నుంచి రోడ్ ట్రైన్లు వస్తుంటాయి. ఒక లారీ ఇంజిన్‌కి మూడు ట్రైలర్లు, మొత్తం పొడవు 53.5 మీటర్ల దాకా ఉంటాయి. అవి దాటుతుంటే మన బండి మొత్తం ఊగుతుంది. ఇక్కడ లారీలవాళ్లు వాకీటాకీలో 40వ ఛానల్ మీద మాట్లాడుకుంటారు, నా దగ్గరా ఒకటుంది. వెనక ఎవరైనా కనపడగానే అందులో చెప్పి, ఖాళీ స్థలం చూసి పక్కకి తప్పుకుని దారిచ్చేవాణ్ని. ఒకసారి నాకు దుర్బుద్ధి పుట్టింది. ఆ రోడ్ ట్రైన్ వెనకాలే దగ్గరగా పోతే గాలి తగలదు కదా, డీజిల్ మిగులుతుంది కదా అని. ఫిజిక్స్ ప్రకారం కరెక్టే. నాలుగు టన్నులతో బ్రేక్ కొట్టాల్సి వస్తే మాత్రం మన ఫొటోకి దండే. నా కాలు కదలడం చూసి నాన్న, "దూరంగా ఉండు" అన్నారు. ఇంకేం అనలేదు.

105లో పోతే గంటా పావు పట్టే దూరం గంటా నలభై నిమిషాలు పట్టింది. తేడా పాతిక నిమిషాలు కూడా లేదు. నాకు మాత్రం నెల్లూరు నుంచి శ్రీకాకుళం నడిపినట్టుంది. చివర్లో కూబర్ పీడీ ఓపల్ గనుల తెల్లటి మట్టి కుప్పలు రోడ్డుకి రెండు వైపులా కనపడ్డాయి. అమ్మ "ఎవరో ఉప్పు కుప్పలు పోశారు" అంది. ఎవ్వరం నవ్వలేదు, బంక్ బోర్డు కోసం చూస్తున్నాం.

80 లీటర్ల ట్యాంక్‌లో 76 పట్టింది.

రసీదు నాన్న తీసుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి వెనకాల లెక్క వేశారు. మొత్తం 536 కిలోమీటర్లు, 88 లీటర్లు. "6.1" అన్నారు. కాసేపాగి, "డిపోలో అయితే పిలిచి క్లాసు పీకేవాళ్లు" అన్నారు.

తిరిగొచ్చాక నాకు ఇది వదల్లేదు. మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ పోయే దారిలో హోర్షమ్, నిల్ అని రెండు ఊళ్లు, మధ్యలో 75 కిలోమీటర్లు, బల్లపరుపు గోధుమ పొలాలు. గాలి పెద్దగా లేని రోజులు చూసుకుని అదే ట్రైలర్‌తో అటూ ఇటూ తిరిగా. 80లో 11.2 లీటర్లు. 90లో 12.3. 100లో 13.9. మూడు స్పీడులకీ రానూపోనూ సగటు తీశా.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది, మెకానికల్ వాళ్లకి నచ్చుతుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి, కాబట్టి సగటు తీస్తే చెల్లుకు చెల్లు అనుకుంటాం. చెల్లదు. స్పీడు 100, గాలి 30 అనుకోండి. పోయేటప్పుడు 130 స్క్వేర్, 16,900. వచ్చేటప్పుడు 70 స్క్వేర్, 4,900. సగటు 10,900. గాలి లేకపోతే 10,000. అంటే రానూపోనూ కలిపినా గాలి నిరోధం 9 శాతం ఎక్కువే. వెనకగాలి ఇచ్చేదాని కంటే ఎదురుగాలి లాక్కునేదే ఎక్కువ.

బరువు అసలు లెక్కలోకే రాదా అంటే, వస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు. మెల్‌బోర్న్ నుంచి బల్లారాట్ దాకా దాదాపు 400 మీటర్లు పైకెక్కాలి. నాలుగు టన్నుల్ని 400 మీటర్లు ఎత్తాలంటే 16 మెగాజౌల్స్ దగ్గర, అంటే 1.6 లీటర్లు కొండకే సమర్పయామి. ట్రైలర్ లేకపోతే ఒక లీటర్‌తో అయిపోయేది. దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది, బ్రేక్ తొక్కినంత మేర రాదు. సిటీ ట్రాఫిక్‌లో కూడా అంతే, ఆగిన ప్రతిసారీ నాలుగు టన్నుల్ని మళ్లీ కదిలించాలి. ఇసుకలో అయితే కథే వేరు, అక్కడ టైర్ కూరుకుపోతుంటే దొర్లే నిరోధమే ఎన్నో రెట్లు పెరుగుతుంది, గాలి గురించి ఆలోచించే స్పీడు కూడా ఉండదు.

రూఫ్ బాక్స్ సంగతి. కూబర్ పీడీలో నాన్న మొదట చేసిన పని అది దింపించడం. ట్రైలర్ ముందు వైపు, కారు వెనక నీడలో సరిపడా చోటుంది, అక్కడ కట్టాం. బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు, జాగా మారింది. తర్వాత రోజు గాలి కూడా తగ్గింది కాబట్టి బాక్స్ వల్ల ఎంత మిగిలిందో అప్పుడు తేలలేదు. హోర్షమ్ రోడ్డు మీద బాక్స్ పెట్టి, తీసి చూస్తే 100 స్పీడులో దాదాపు ఒక లీటర్ తేడా వచ్చింది. 50 లీటర్ల నీళ్లు పారబోస్తే మిగిలే దానికి ఇరవై రెట్లు. అయితే ట్రైలర్‌లో సామాను ముందుకీ వెనక్కీ జరిపితే హిచ్ మీద పడే బరువు మారుతుంది, అది తేడా వస్తే ట్రైలర్ పాములా ఊగుతుంది. అందుకని ఇష్టమొచ్చినట్టు మార్చకండి, మీ బండి మాన్యువల్ చూడండి.

కారవాన్ కొనాలా, క్యాంపర్ ట్రైలరా అని ఊగుతున్న వాళ్లు కూడా బ్రోచర్‌లో బరువు ఒక్కటే చూడకండి. ఎత్తు చూడండి. మడిచిన క్యాంపర్ కారు వెనక దాక్కుంటుంది. కారవాన్ కారు పైనుంచి ఇంకో మీటరు తల బయటపెట్టి గాలికి గోడలా నిలబడుతుంది. ఒకే బరువున్న రెండింటిలో డీజిల్ తేడా ఆ గోడ దగ్గరే వస్తుంది. ఇండియాలో చూసేవాళ్లకి ట్రైలర్ లేకపోయినా ఇదే లెక్క. సంక్రాంతికి కారు మీద క్యారియర్ కట్టి, దాని మీద బియ్యం మూటలు, పరుపులు పెట్టి 110లో ఊరెళ్తారు చూడండి, మూట బరువు కంటే మూట ఎత్తే ఎక్కువ తాగుతుంది.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నానంటే: ట్రైలర్ ఉంటే సగటు మర్చిపోయి, 100 కిలోమీటర్లకి 20 లీటర్లు అనే లెక్కతోనే తర్వాతి బంక్ దూరం చూసుకుంటా. 80 లీటర్లకి 400 కిలోమీటర్లు, అంతకంటే ఒక్క అడుగు ఎక్కువ నమ్మను. పోర్ట్ అగస్టా లాంటి ఊరు దాటాక సగం ట్యాంక్ కంటే తగ్గితే రేటు బోర్డు వైపు చూడకుండా కొట్టిస్తా. పొద్దున్నే వాతావరణం యాప్‌లో వాన కాదు, గాలి దిక్కు చూస్తా. ఎదురుగాలి 25 దాటితే స్పీడు 85. క్యాన్ ప్రతిసారీ చేత్తో ఎత్తి చూస్తా. నీళ్ల ట్యాంక్ ఫుల్.

నాన్న పోయిన వారం ఇండియా వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్ట్‌లో ఆ రసీదు నాకిచ్చారు, వెనకాల 6.1 అని రాసి, కింద గీత గీసి ఉంది. ఇదిగో, ఫ్రిజ్ మీద అతికించా, కనపడుతోందా?

ఎక్సెల్ షీట్ లింక్ కింద పెట్టా, మీ బండి బరువు, స్పీడు, గాలి వేసుకుని చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ట్రైలర్‌ని కాటా మీదకి ఎక్కిస్తున్నాం, హిచ్ మీద ఎంత బరువు పడాలో చూద్దాం. ఉంటా మరి, బై.